తొలకరి కంటే ముందే సూది పడాలి
(గొర్రెల పెంపకందారుల సమావేశంలో ఒక పశువైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక చెట్టు కింద కూర్చున్న అన్నలకి వినపడుతోందా? ముందుకు రండి, ఇక్కడ కూడా నీడ ఉంది. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు రుణాల గురించి, మార్కెట్ గురించి చెప్పారు, అవన్నీ కావలసినవే. నేను మాత్రం ఒక్క సంగతే మాట్లాడతాను. మన జీవాలు ఏ నెలలో చస్తున్నాయి? ఎందుకు చస్తున్నాయి అనేది తర్వాత చూద్దాం, ముందు ఏ నెలలో అన్నది చెప్పండి.

మీరే గుర్తు చేసుకోండి. తొలకరి పడి పచ్చిక లేచిన కొద్ది రోజులకి మందలో బాగా బలిసిన పిల్లలు రాత్రికి రాత్రి పోతాయి. వానలు వెనకబట్టి దసరా, దీపావళి వచ్చేసరికి మూతులు వాచిన గొర్రెలు, కాళ్లు కుంటే గొర్రెలు కనపడతాయి. జొన్న, మక్క కోతలయ్యాక చేలల్లోకి తోలితే మళ్లీ కొన్ని పడిపోతాయి. చలి ముదిరితే పిల్లలకి దగ్గు, ముక్కు కారడం. సంత నుంచి కొత్త జీవాలు తోలుకొచ్చిన వారం పది రోజులకి పారుడు మొదలవుతుంది. ఇది ఏటా జరిగేదే, దాదాపు ఇదే వరసలో జరిగేదే. ఇక్కడున్న పెద్దవాళ్లు పంచాంగం చూడకుండానే ఈ వరస చెప్పగలరు. మరి జబ్బు వచ్చే నెల మనకి ముందే తెలిసినప్పుడు, సూది మాత్రం రెండు జీవాలు చచ్చాక ఎందుకు గుర్తొస్తోంది?

ఈ మాట నేను గట్టిగా అంటున్నానంటే కారణం ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ, సుమారు 1 కోటి 90 లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1 కోటి 76 లక్షలు. ఇన్ని జీవాలు ఇంకెక్కడా లేవు. మంచి టీకాలు కూడా మన దగ్గరే తయారవుతున్నాయి, హైదరాబాద్ శాంతినగర్‌లో ప్రభుత్వ టీకాల సంస్థ ఉంది, ప్రైవేటు కంపెనీలూ ఉన్నాయి. ఇంత ఉండి కూడా నివారించగల జబ్బుతో ఒక కుటుంబం మందలో సగం పోగొట్టుకుందంటే నాకు కడుపు రగిలిపోతుంది. ఎందుకంటే ఆ ఇంట్లో ఆ మందే బ్యాంకు, ఆ మందే పిల్ల పెళ్లి, కొడుకు చదువు.

ముందు చిటుక రోగం గురించి కాస్త వివరంగా చెప్తాను. మీలో చాలామంది ఇది విషపు గడ్డి తినడం వల్ల వస్తుందని అనుకుంటారు. అలా అనుకోవడానికి కారణం కూడా ఉంది, సాయంత్రం వరకూ బాగా మేసిన పిల్ల తెల్లారేసరికి తల వెనక్కి విరుచుకుని, కాళ్లు తన్నుకుని చచ్చిపడి ఉంటే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది. కానీ గడ్డిలో విషం లేదు. ఆ విషం పిల్ల పేగులోనే తయారైంది. గొర్రె పేగులో ఒక రకం సూక్ష్మజీవి మామూలుగానే కొద్దిగా ఉంటుంది, దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. వేసవి అంతా ఎండు పుల్లలు, తుమ్మకాయలు తిని బతికిన జీవం ఒక్కసారిగా లేత పచ్చిక కడుపునిండా మేస్తే, అది సరిగ్గా అరగకుండానే చిన్నపేగులోకి దిగుతుంది. అక్కడ ఆ సూక్ష్మజీవికి పండగ. గంటల్లో లక్షలకి లక్షలు పెరిగి విషం వదులుతుంది, ఆ విషం రక్తంలో కలిసి మెదడుకి ఎక్కుతుంది. కోసిన చేలల్లో రాలిన గింజలు మేసినా ఇదే జరుగుతుంది. అందుకే మీ మందలో ముందు పోయేది బక్కపిల్ల కాదు, అందరికంటే ఎక్కువ మేసేది, తల్లి దగ్గర పాలు బాగా తాగేది, మీరు పండగకి మంచి ధర వస్తుందని చూసుకుంటున్న పిల్ల.

దీనికి వైద్యం చేసే టైమే ఉండదు. మీరు నాకు ఫోన్ చేసి, నేను బండి తీసేలోపు అయిపోతుంది. కాబట్టి ఈ జబ్బు విషయంలో మన చేతిలో ఉన్నది టీకానే. తొలిసారి వేసే మందకి రెండు సూదులు వేయాలి, మధ్యలో రెండు మూడు వారాలు తేడా ఉండాలి. రెండో సూది పడ్డాక కూడా ఒంట్లో శక్తి రావడానికి మరో రెండు వారాలు పడుతుంది. ఇప్పుడు లెక్క వేసుకోండి. మనకి జూన్‌లో తొలకరి. పచ్చిక లేచేసరికి జూన్ మూడో వారం అనుకుందాం. అంటే మొదటి సూది మే మొదటి వారంలో, రెండోది మే నెలాఖరులో పడాలి. నిరుడు పద్ధతిగా వేయించుకున్న పెద్ద గొర్రెలకి మే నెలలో ఒక్కటి చాలు. జూన్ 20న జీవం చచ్చాక ఫోన్ చేస్తే నేను వచ్చి సూది వేస్తాను, వేయనని అనను, కానీ ఆ సూది పనిచేయడానికి పట్టే రోజుల్లో ఇంకెన్ని పోతాయో నా చేతిలో ఉండదు. అలా చావులు మొదలయ్యాయంటే మాత్రం వెంటనే మందని ఆ పచ్చిక నుంచి తప్పించండి, ఎండు మేత మీద ఉంచండి. మామూలు రోజుల్లో కూడా తొలకరి మొదట్లో పొద్దున్నే కాస్త ఎండు మేత వేసి, ఆ తర్వాతే పచ్చికలోకి వదలండి, అది కూడా కొద్దిసేపే, రోజురోజుకీ పెంచుకుంటూ పోండి.

ఇక్కడ పెద్దయ్య ఒకాయన చెయ్యెత్తారు. చెప్పండి... సూది వేస్తే చూడి గొర్రె ఈసుకుపోతుందా, అంటే కడుపు పోతుందా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. చిటుక టీకాతో అలాంటిదేమీ జరగదు పెద్దయ్యా. పైగా ఈనే ముందు నెలలో తల్లికి ఈ టీకా పడితే జున్నుపాల ద్వారా పిల్లకి కూడా రక్షణ అందుతుంది. చూడి గొర్రెలు ఈసుకుపోయేది చాలాసార్లు మందని చిన్న గదిలో కుక్కి, పరుగెత్తించి, కాళ్లు పట్టి విసిరేసి సూది వేయడం వల్ల. తడకలతో సన్నటి దారి కట్టి, ఒక్కొక్క గొర్రెని నెమ్మదిగా నడిపిస్తూ, గోల చేయకుండా వేస్తే ఏమీ కాదు. కుక్కలని ఆ దగ్గరికి రానివ్వకండి. ఎండెక్కకముందే మొదలుపెట్టి, తొమ్మిదింటికల్లా ముగించేలా చూసుకోవాలి. ఇది నేను మాతో పనిచేసే పిల్లలకి కూడా చెప్తుంటాను, బెదిరిన గొర్రె ఒళ్లు సగం జబ్బుపడినట్టే.

సరే, పారుడు. దీన్నే మేం పీపీఆర్ అంటాం. జ్వరం 104, 105 దాకా పోతుంది, కళ్ల నుంచి, ముక్కు నుంచి కారుతుంది, నోట్లో పుండ్లు, దుర్వాసన, తర్వాత పారడం, ఊపిరి ఆడకపోవడం. మేకల్లో ఇంకా తీవ్రంగా ఉంటుంది. ఇది మొదట 1942లో ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో గుర్తించిన జబ్బు. మన దేశంలో 1987లో తమిళనాడులో బయటపడింది, అక్కడి నుంచి అన్ని రాష్ట్రాలకీ పాకింది. నడుచుకుంటూ పాకలేదు, లారీల్లో, ఆటోల్లో, సంతల ద్వారా పాకింది. ఈ క్రిమి బయట ఎండలో ఎక్కువసేపు బతకదు. అది బతకాలంటే ఒక జీవం ముక్కు నుంచి ఇంకో జీవం ముక్కుకి పోవాలి. ఆ పని దానికి మనం చేసిపెడుతున్నాం.

ఎలా అంటే చెప్తాను, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. మందలో నాలుగు జీవాలకి ముక్కు కారడం మొదలవుతుంది. ఇక ఇవి దక్కవు అనిపిస్తుంది. అప్పుడు ఏం చేస్తాం? వచ్చినకాడికి వస్తుందని సంతకి తోలేస్తాం. సంతలో ఇంకో ఊరి తమ్ముడు తక్కువ ధరకి వచ్చాయని సంబరపడి కొంటాడు. వారం రోజులకి ఆయన మంద మొత్తం పడుకుంటుంది. వచ్చే ఏడు ఆ ఊరి నుంచి అదే జబ్బు మన ఊరికి వస్తుంది. గొల్ల కురుమలు ఒకరికొకరు ఆపదలో ఆదుకున్న జాతి, మంద పోయినవాడికి తలా ఒక పిల్ల ఇచ్చి నిలబెట్టిన సంప్రదాయం మీది. జబ్బు జీవాన్ని సంతకి తోలడం ఆ సంప్రదాయానికి సరిపడేది కాదు. నష్టం భరించలేక చేస్తున్నారని నాకు తెలుసు. అందుకే బీమా సంగతి, టీకా సంగతి ముందే చూసుకుందాం అంటున్నాను.

కొన్నవాళ్లకి కూడా ఒక మాట. కొత్త జీవం వచ్చిందంటే మూడు వారాలు వేరే దొడ్డిలో ఉంచాలి. వేరే తొట్టి, వేరే మేత. ముందు మన మందని మేపుకుని, ఆఖరున కొత్తవాటి దగ్గరికి పోవాలి. 2017లో తెలంగాణలో ప్రభుత్వ గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు ఇచ్చారు, చాలా జీవాలు వేరే రాష్ట్రాల నుంచి వందల కిలోమీటర్లు లారీల్లో వచ్చాయి. మేత, నీళ్లు, గాలి అన్నీ మారతాయి, ప్రయాణంలో ఒత్తిడి వల్ల ఒంట్లో అణిగి ఉన్న జబ్బు బయటికి వస్తుంది. ఏ పథకమైనా, సొంతంగా కొన్నదైనా, దూరం నుంచి లారీ దిగిన జీవాన్ని అదే రోజు పాత మందలో కలపకండి. దింపగానే నీళ్లు పెట్టండి, నీడన పడుకోనివ్వండి, మేత కొద్దిగా వేయండి.

పీపీఆర్‌కి మంచి టీకా ఉంది, మన దేశంలోనే ముక్తేశ్వర్‌లో ఐవీఆర్ఐ, అంటే భారత పశువైద్య పరిశోధన సంస్థ, శాస్త్రవేత్తలు తయారు చేశారు. ఒక్క సూది సరిగ్గా పడితే మూడేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా కాపాడుతుంది. కేంద్ర పథకం కింద ఉచితంగా ఇస్తున్నారు. దీన్ని 2030 నాటికి ప్రపంచం మీద లేకుండా చేయాలని అంతర్జాతీయ సంస్థలు 2015లోనే నిర్ణయించాయి. ఇది గాలిలో మేడ కాదు. మీ తాతలు పశువుల్లో పెద్దరోగం చూసి ఉంటారు, ఊళ్లకి ఊళ్లు ఎడ్లు లేకుండా పోయిన రోగం. అది 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. దానికి తమ్ముడి వరస అవుతుంది ఈ పీపీఆర్. అన్నని పంపించగలిగాం కాబట్టి తమ్ముడినీ పంపించొచ్చు. కాకపోతే ఊళ్లో సగం మందలకి వేసి సగం వదిలేస్తే కుదరదు. ప్రతి ఏడూ కొత్తగా పుట్టిన పిల్లలకి, మూడు నాలుగు నెలలు దాటాక, వదలకుండా వేయాలి.

ఒక్క విషయం, ఈ టీకా చల్లదనం పోతే చచ్చిపోతుంది. పొడి మందులో నీళ్ల మందు కలిపాక గంట, మహా అయితే రెండు గంటల్లో అయిపోవాలి, అది కూడా ఐసు మీద ఉండాలి. కాబట్టి మేం వస్తున్నామని చెప్పిన రోజు పొద్దున్నే మందని అడవికి తోలేసి, పదకొండింటికి వస్తాం సార్ ఉండండి అనకండి. అలాగే మా సిబ్బంది ఎవరైనా ఐసు డబ్బా లేకుండా జేబులో సీసా పెట్టుకుని వస్తే, ఆ సూది వేయనివ్వకండి. అడగండి, ఐసు ఏదన్నా అని. అడిగే హక్కు మీకుంది. నిరుడు టీకా వేయించినా జబ్బు వచ్చింది సార్, టీకాలన్నీ దండగ అని కొందరు అంటుంటారు. చాలాసార్లు అక్కడ తప్పు టీకాది కాదు, ఎండలో తిరిగిన సీసాది.

నీలి నాలుక గురించి కొద్దిగా చెప్తాను. మూతి వాచడం, నాలుక వాచి రంగు మారడం, గిట్టల పైన ఎర్రగా కమిలి కుంటడం. ఇది ఒక గొర్రె నుంచి పక్క గొర్రెకి అంటుకునేది కాదు. కంటికి ఆనీ ఆనని సన్న దోమలు కుట్టడం వల్ల వస్తుంది. ఆ దోమలు పేడ కలిసిన బురదలో పెరుగుతాయి. అందుకే వానలు బాగా పడ్డ ఏడు ఈ జబ్బు ఎక్కువ. 1998లో ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ఎత్తున వచ్చింది, మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఈ క్రిమిలో ఇరవైకి పైగా రకాలున్నాయి, ఒక రకానికి వచ్చిన శక్తి ఇంకో రకం మీద సరిగ్గా పనిచేయదు. 2015 నుంచి ఐదు రకాల మీద పనిచేసే టీకా మార్కెట్లో ఉంది. అది కూడా దోమలు ముసిరే లోపే పడాలి, వానాకాలం మధ్యలోకల్లా. దొడ్డిలో బురద లేకుండా మొరం పోయండి, మునిమాపు వేళ వేపాకు పొగ వేయండి, ఆ దోమలు కుట్టేది ఎక్కువగా చీకటి పడేటప్పుడు, తెల్లవారేటప్పుడు. జబ్బుపడ్డదాన్ని ఎండలో నడిపించకండి. నోరు పుండు పడి మేయలేకపోతుంది కాబట్టి గంజి, రాగి జావ పట్టండి. చాలా గొర్రెలు ఈ జబ్బుతో కాదు, ఆకలితో చస్తాయి.

అక్క ఏదో అంటోంది... ముందు పోచమ్మకి చేసుకుంటాం సార్, ఆ తర్వాతే సూది అంటోంది. చేసుకోండి అక్కా. మంద బాగుండాలని మొక్కుకోవడం మీ పెద్దల నుంచి వచ్చింది, దాన్ని నేనెందుకు కాదంటాను? నేను అడిగేదొక్కటే, బోనం ఎత్తే లోపు సూది కూడా పడనివ్వండి. మీ దగ్గర పోచమ్మ పండగ ఆషాఢంలోనో శ్రావణంలోనో వస్తుంది, చిటుక దానికంటే ముందే వస్తుంది.

ఇప్పుడు నట్టలు. ఇది చప్పుడు లేకుండా చంపేది. గొర్రె కనురెప్ప కిందికి లాగి చూడండి. ఎర్రగా ఉంటే బాగున్నట్టు. గులాబి రంగు నుంచి తెల్లకాగితం రంగుకి వచ్చిందంటే కడుపులో నట్టలు రక్తం తాగేస్తున్నట్టు. దవడ కింద నీటి సంచి వేలాడినా అదే అనుమానం. చెరువు అంచున, వరి మళ్ల పక్కన మేపే మందలకైతే కార్జపు జలగ కూడా ఉంటుంది, దానికి వేరే మందు కావాలి. నట్టల మందు తాపేటప్పుడు రెండు పొరపాట్లు ఎక్కువ చూస్తుంటాం. సీసా సరిపోవాలని అన్నిటికీ కొంచెం కొంచెం తాపడం ఒకటి. అలా తక్కువ తాపితే నట్టలు చావవు, ఆ మందుకి అలవాటు పడతాయి, పోను పోను ఆ మందు పనిచేయకుండా పోతుంది. ఇంకోటి, మూతి ఆకాశానికి ఎత్తి పోయడం. మందు ఊపిరితిత్తుల్లోకి పోయి గొర్రె అక్కడికక్కడే పడిపోతుంది, మందు వికటించిందని మనం అనుకుంటాం. మూతి కళ్లకంటే పైకి లేవకూడదు, నెమ్మదిగా బుగ్గ పక్కనుంచి తాపాలి. కొత్తగా కట్టిన చూడి గొర్రెలుంటే ఏ మందు తాపాలో మమ్మల్ని అడిగి తాపండి, కొన్ని మందులు ఆ సమయంలో పనికిరావు.

మీ దగ్గర అన్నిటికంటే ఎక్కువ టైం తీసుకుని చెప్పాలనుకున్నది దొమ్మ రోగం గురించి, దీన్నే మేం ఆంథ్రాక్స్ అంటాం. ఎందుకంటే ఇందులో ప్రమాదం గొర్రెకే కాదు, మీకు, మీ పిల్లలకి కూడా. గొర్రె ఉన్నట్టుండి చచ్చిపోయి, ముక్కు నుంచో, నోటి నుంచో, వెనక నుంచో నల్లటి రక్తం కారుతూ, ఆ రక్తం గడ్డకట్టకుండా ఉండి, కడుపు తొందరగా ఉబ్బితే, దాన్ని ముట్టుకోకండి. కోయకండి. తోలు తీయకండి. కళేబరం కోసినప్పుడు గాలి తగిలి ఆ క్రిమి గట్టి పెంకు కట్టుకుంటుంది, అలా మట్టిలో పదుల ఏళ్లు బతికి ఉంటుంది. ఈ రోజు కోసిన చోట మీ మనవడు మేపే మందకి మళ్లీ అదే జబ్బు రావచ్చు. 2016లో రష్యాలోని యమాల్ ప్రాంతంలో, ఎన్నో ఏళ్లుగా కనపడని ఈ జబ్బు మళ్లీ వచ్చి రెండు వేలకి పైగా ధ్రువపు జింకలు చచ్చాయి, ఒక పన్నెండేళ్ల పిల్లాడు కూడా పోయాడు. మన రాయలసీమలో, తెలంగాణలో కూడా అక్కడక్కడా ఈ జబ్బు బయటపడుతూనే ఉంది. చచ్చినదాన్ని కోసి పంచుకుని తిన్న ఊళ్లలో మనుషుల చేతుల మీద నల్లటి పుండ్లు లేచిన కేసులు ఉన్నాయి. మాంసం పారేయడానికి మనసొప్పదు, నాకు తెలుసు, ఇంట్లో పిల్లలు ఆశగా చూస్తుంటారు. అయినా వద్దు. ఆరడుగుల గొయ్యి తీసి, కిందా పైనా సున్నం వేసి పూడ్చండి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప వేయండి, వెంటనే మాకు చెప్పండి. కోసినవాళ్ల చేతికి నొప్పి లేని పుండు లేచి మధ్యలో నల్లబడితే అదే రోజు మనుషుల ఆసుపత్రికి పోయి, గొర్రెని కోశానని డాక్టర్‌కి చెప్పాలి. తొందరగా పోతే మామూలు మందులతోనే తగ్గుతుంది.

ఇలాంటి అనుమానం లేని మామూలు చావులైతే మాత్రం మాకు ఫోన్ చేయండి, మేం వచ్చి కోసి చూస్తాం. మొదట చచ్చిన ఒక్క జీవాన్ని సరిగ్గా చూస్తే మిగతా మందకి ఏం చేయాలో తెలుస్తుంది. ఎవరికీ చెప్పకుండా అమ్మేసిన కళేబరం వల్ల మీకు వచ్చేది కొన్ని వందలు, పోయేది మంద. రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకి ఫోన్ చేస్తే పశువైద్య అంబులెన్స్ వస్తుంది, దానికి డబ్బులు కట్టక్కర్లేదు. అడవిలో సిగ్నల్ దొరకదు కాబట్టి ఇంట్లో ఆడవాళ్ల ఫోన్లలో కూడా ఆ నంబరు పెట్టి ఉంచండి.

మెడికల్ షాపులో దొరికిన యాంటీబయాటిక్ సొంతంగా పొడవడం గురించి చెప్పాలంటే ఇంకో గంట పడుతుంది. పారుడుకి, నీలి నాలుకకి కారణమైన వైరస్‌ని ఏ యాంటీబయాటిక్కూ చంపదు, అది మేం వాడేది పైన చేరే వేరే క్రిముల కోసం. ఎంత వేయాలి, ఎన్ని రోజులు, ఆ తర్వాత ఎన్నాళ్లు ఆ జీవాన్ని కోయకూడదు అనేది డాక్టర్‌ని అడిగి చేయండి. ఈ రోజుకి ఇంతే.

ఇప్పుడు పని సంగతి. మే నెలలో మందు రావాలంటే మేం ఇప్పుడే లెక్క పంపాలి. కిందటేడు కొన్ని మండలాల్లో మందు వానలు పడ్డాక వచ్చింది, కారణాలు ఎన్ని చెప్పినా చచ్చిన పిల్లలు తిరిగి రావు. మీ సంఘం తరఫున రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి, ఏప్రిల్ ఆఖరు వరకూ మందు రాకపోతే పదిమంది కలిసి వెళ్లి అడగండి. వలస పోయే మందలవాళ్లు, నల్లమల వైపు, కృష్ణా ఆయకట్టు వైపు పోయేవాళ్లు, ఏ తారీఖున బయలుదేరతారో కూడా చెప్పండి, మీవి ముందు చేసి పంపిస్తాం. అదిగో ఆ బల్ల దగ్గర మా తమ్ముడు రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు. పెద్ద గొర్రెలు ఎన్ని, చూడివి ఎన్ని, మూడు నెలలు దాటిన పిల్లలు ఎన్ని, మేకలు ఎన్ని అని విడివిడిగా రాయించండి. లెక్క తక్కువ చెప్పకండి, తక్కువ చెప్తే ఆ మేరకి మందు తక్కువే వస్తుంది. ముందు దూరం ఊళ్లవాళ్లని రానివ్వండి, వాళ్లకి బస్సు టైమవుతోంది.